వణికే చుక్కలు

ప్రాంప్టర్ ఆరిపోయిన మరుక్షణం, చేతిలో ఉన్న కాగితం మీద ఒక్క తెలుగు అక్షరం కూడా తాను చదవలేకపోతున్నట్టు కుముదినికి తెలిసింది.

కెమెరా ముందుండే అద్దం మీద వార్తలు వరసలు వరసలుగా పైకి జరుగుతుంటే వాటిని చూసి చదవడం ఆమె ఉద్యోగం. ఆ అద్దం ఉన్నట్టుండి నల్లబడింది. స్టూడియో దీపాలు ఆరలేదు. కెమెరా నెత్తిమీది ఎర్ర లైటూ ఆరలేదు. కాకినాడ ఊరంతా భోజనాల ముందు కూచుని ఆమె ముఖంలోకే చూస్తోంది. ఇలాంటి అవసరం కోసమే చేతిలో ఎప్పుడూ కాగితాలు పెట్టుకుంటారు. కుముదిని నిబ్బరంగా తల వంచి వాటివంక చూసింది.

గులకరాళ్ళు. ఎవరో గుప్పెడు నల్లరాళ్ళు తీసి తెల్లటి ఇసుక మీద చల్లినట్టున్నాయి. అవి అక్షరాలని తెలుసు. తెలుగు అక్షరాలనీ తెలుసు. అందులో ఒక్కటి కూడా నోరు విప్పి తన పేరు చెప్పలేదు.

"ఉప్పాడ తీరంలో..." అంది. అది జ్ఞాపకంలోంచి వచ్చిన ముక్క. ఆ తర్వాత గొంతులో ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒక్కసారైనా తడబడని గొంతు అది. దగ్గు వచ్చినట్టు నటించి, "సాంకేతిక కారణాల వల్ల చిన్న విరామం" అనేసింది.

ఎర్ర లైటు ఆరింది. ప్రాంప్టర్ నడిపే వీర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"వైరు ఊడిందక్కా, కలిపేశాను. అయినా కాగితం చేతిలోనే ఉంది కదండీ, చదివేయకపోయారా?"

"వరస తప్పాయి వీర్రాజూ."

వీర్రాజు కాగితాలు అందుకుని తిరగేశాడు. "వరసలోనే ఉన్నాయండి. ఇదిగో ఉప్పాడ. దీని కింద సామర్లకోట రైలు."

"లైటు కళ్ళల్లో కొట్టిందయ్యా!" అని కాగితాలు లాక్కుంది. చెవులు వేడెక్కాయి. పాపం, ఆ మనిషి ఎప్పుడూ ఆమెకు ఎదురు మాట్లాడినవాడు కాదు.

అద్దం మళ్ళీ వెలిగింది. పాతకాలపు వీడియో ఆటల్లో ఉండేలాంటి, గడులు గడులుగా కట్టిన చుక్కల అక్షరాలు పైకి జరగసాగాయి. కుముదిని మంచినీళ్ళు తాగినంత సులువుగా చదివేసింది. ఆ సులువే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

* * *

ఆ అక్షరాలు చేసింది ఆమె భర్త ముక్తేశ్వర్.

భానుగుడి దగ్గర ఒక పై అంతస్తులో ఉండే చిన్న ఆటల కంపెనీలో అతను అక్షరాలు, బొమ్మలు గీస్తాడు. పాతరకం ఆటలంటే పిచ్చి. ఇంగ్లీషు అక్షరాలు చిన్న చిన్న గడుల్లో బుద్ధిగా కూర్చుంటాయి. తెలుగు అక్షరాలు కూర్చోవు. గుండ్రాలు, పైన తలకట్లు, కింద వత్తులు. చిన్న గడిలో కుక్కితే 'స్త్రీ' అన్న మాట బురదలో దిగబడ్డ బండిలా కనిపిస్తుంది. దాంతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, ఒకరోజు వంటింట్లోకి ఊగిపోతూ వచ్చాడు.

"కుముదా, దొరికింది! నువ్వు ముగ్గెలా పెడతావు?"

"చేత్తో."

"అబ్బా! ముందు చుక్కలు పెడతావు కదా. వాటిని చేయి కలుపుతుంది. ఇక్కడ కన్ను కలుపుతుంది. అక్షరంలో సగం చుక్కలు ఒకసారి వెలిగిస్తాను, మిగతా సగం ఇంకోసారి. ఎంత వేగంగా అంటే, అవి వణుకుతున్న సంగతే నీకు తెలియదు. సగం సగం అందేసరికి మెదడు ఊరుకోలేక తనే గుండ్రాలు చుట్టేసుకుంటుంది. ఎంత చిన్న గడైనా సరే, ముత్యంలా కనబడుతుంది!"

"అంటే మా మెదళ్ళ చేత వెట్టిచాకిరీ చేయిస్తారన్నమాట" అని ఆమె ఆ రోజు నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ అక్షరాలతో 'అక్షరాల కోట' అని పిల్లల ఆట తయారైంది; అతను వాటిని వణకకుండా నిలిపి గీస్తాడు, ఆడి చూసేది వేరేవాళ్ళు. మాట చదివితే కోటగోడ మీద ఒక మెట్టు ఎక్కుతారు. వచ్చే ఆదివారం టౌన్ హాల్లో దాని విడుదల. అదే రోజు జిల్లా అంతా బడిపిల్లల చేతుల్లోని ఫోన్లలోకి వెళ్ళిపోతుంది. కుముదిని పనిచేసే చానెల్ దాన్ని ప్రత్యక్షంగా చూపిస్తుంది. వ్యాఖ్యానం ఆమెదే.

దసరాలకి చానెల్ ప్రాంప్టర్ పాడైతే ముక్తేశ్వరే కొత్తది తెచ్చి బిగించాడు. అందులోనూ అవే అక్షరాలు పెట్టాడు; వీర్రాజు కంప్యూటర్లో మాత్రం మామూలు అక్షరాలే. "ఊరంతా చూడకముందే నువ్వు చూడాలి" అన్నాడు. కుముదిని మురిసిపోయింది.

ప్రాంప్టర్ ఆరిపోయిన ఆ రోజు కుముదిని ఇంటికొచ్చి తలుపేసుకుని గోడ మీది క్యాలెండరు చూసింది. అంకెలు అంకెల్లానే ఉన్నాయి. వాటి కింద తిథి, నక్షత్రం గులకరాళ్ళు. మందు సీసా మీద, శుభలేఖ మీద, ఫోన్లో చెల్లెలు పంపిన సందేశంలో అన్నిచోట్లా గులకరాళ్ళే. కొన్ని వారాలుగా అచ్చు చూస్తే కళ్ళు అలిసిపోతుంటే చదవడం మానేసింది, ఇంత దూరం వచ్చిందనుకోలేదు. పెన్ను తీసుకుని కూతురి పేరు రాసింది. హంసిని. చేయి ఎక్కడా ఆగలేదు. పెన్ను పక్కన పెట్టి చూసింది. తన చేత్తో రాసిన పేరు తనకే తెలియలేదు.

"అమ్మా, తెలుగు మేడమ్ డైరీలో రాసింది. సంతకం పెట్టు." నాలుగో తరగతి చదివే హంసిని తలుపు తోసుకుని వచ్చింది.

కుముదిని గబగబా సంతకం గీకేసింది.

"చదవకుండానే పెట్టేశావేంటి? నన్ను తిట్టిందో పొగిడిందో చూడవా?"

"నువ్వే చదువు. నీ నోటితో వింటాను."

హంసిని తల్లిని ఓరగా చూసి, గొంతు సవరించుకుని చదివింది. "హంసిని క్లాసులో అస్సలు మాట్లాడదు. బంగారు తల్లి. ఇలాంటి పిల్లని నేనెక్కడా చూడలేదు."

"చాలా మంచిది" అంది కుముదిని.

పిల్ల ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అమ్మా... అలా రాయలేదే. నేనే కల్పించి చదివాను. నువ్వు పట్టుకుని చెవి మెలిపెడతావనుకున్నా."

కుముదిని వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా స్టవ్ వెలిగించింది.

భోజనాల దగ్గర మామూలుగా అన్నట్టు అంది. "కాగితం మీద అక్షరాలు సరిగ్గా కనబడటం లేదండీ."

ముక్తేశ్వర్ అన్నంలో కూర వేసుకోకుండానే కలపడం మొదలుపెట్టాడు. "అలసట. అంతే. ప్రాంప్టర్ మీద బాగానే కనబడుతోంది కదా? అది చూసి చదువుకో. కాగితం జోలికి వెళ్ళకు."

* * *

కళ్ళ డాక్టరు ఊరికి కొత్త. గోడ మీది అంకెలు చదవమన్నాడు, చదివింది. ఇంగ్లీషు చదవమన్నాడు, చివరి వరస దాకా చదివింది. పలక తిప్పి తెలుగు వైపు పెట్టాడు. కుముదిని పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఇంగ్లీషు మీడియమా అమ్మా?" డాక్టరు జాలిగా నవ్వాడు. "పర్లేదు లెండి. ఈ రోజుల్లో తెలుగు ఎవరికొస్తోంది? కళ్ళయితే బంగారంలా ఉన్నాయి."

మందుచుక్కలు వేసే నర్సు ఉలిక్కిపడింది. "అయ్యో, డాక్టరుగారూ! ఆవిడ వార్తల కుముదినిగారండీ! మా ఇంట్లో అన్నం ముద్ద ఆవిడ గొంతు వింటేగానీ దిగదు."

డాక్టరు ఒకసారి ఆమెను, ఒకసారి పలకను చూశాడు. "అయితే నాతో వేళాకోళమా?"

"అవునండీ. వేళాకోళానికే" అని కుముదిని లేచి వచ్చేసింది. ఎమ్మే తెలుగులో బంగారు పతకం తీసుకున్న మనిషి, గుమ్మం మీద ఏం రాసుందో తెలియక నెట్టాల్సిన తలుపును లాగింది. లోపల్నుంచి నర్సు చూస్తూనే ఉంది.

ఆటో స్టాండు దాకా తల ఎత్తలేదు. ఎత్తితే బోర్డులు. ఒకప్పుడు బస్సు పేరు చదివిపెట్టమని ఎవరైనా అడిగితే ఆమె వాళ్ళ ముఖం చూడకుండానే చెప్పేది, చెబుతూ లోలోపల కాస్త నవ్వుకునేది. ఆ నవ్వు ఇప్పుడు తన ముఖానికే వచ్చి తగిలింది.

ఆదివారం అద్దం మళ్ళీ ఆరిపోతే ఏం చెయ్యాలి? వ్యాఖ్యానమంతా కంఠస్థం పట్టేస్తే సరి. ప్రాంప్టర్ మీద ఉన్నంతసేపూ చదవగలదు కదా. దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంటే ఇంటి దగ్గర చదువుకోవచ్చు.

స్టూడియోలో ఎవరూ లేనప్పుడు అద్దానికెదురుగా నిలబడి ఫోటో తీసింది. ఫోన్లోకి చూసింది. గులకరాళ్ళు కూడా కాదు. తెగిన పూసల దండలా అక్కడక్కడా చుక్కలు.

"వీర్రాజూ, ఇది చూడు. నా ఫోను పాడైందేమో."

వీర్రాజు తొంగిచూశాడు. "సగమే పడిందండి. ఇంకోటి తియ్యండి." ఇంకోటి తీసింది. అతను రెండూ పక్కపక్కన పెట్టి చూసి నోరు తెరిచాడు. "ఇదేంటండీ బాబూ! ఇందాక పడినవి పోయాయి, పడనివి పడ్డాయి. బావగారు అక్షరాలు పెట్టారా, దాగుడుమూతలు పెట్టారా?"

సగం ఒకసారి. సగం ఇంకోసారి. మెదడు ఊరుకోలేక తనే చుట్టుకుంటుంది. చుట్టుకోవడం అలవాటైపోయిన మెదడు, కాగితం మీద వణకకుండా నిలిచిన అక్షరాన్ని ఇక గుర్తుపట్టలేదేమో?

"వీర్రాజూ, మీ బావగారు ఇక్కడికి వస్తుంటారా?"

"రాకపోవడమేంటండీ, వారం వారం వస్తారు. అక్క ఎంత వేగంగా చదివింది, ఎక్కడైనా ఆగిందా, అని అడుగుతారు. మొదట్లో అదే అడిగేవారు. ఈ మధ్య ఇంకోటి అడుగుతున్నారండి." వీర్రాజు తల గోక్కున్నాడు. "అక్క ఎప్పుడైనా కాగితం చూస్తోందా, అని."

కుముదిని ఫోన్లోని సగం అక్షరాల వంక మళ్ళీ చూసింది. ఏదో గుర్తుకొచ్చింది. నెల కిందట భోజనాల దగ్గర ముక్తేశ్వర్ ఒక కబురు చెప్పాడు. ఆఫీసులో పొద్దస్తమానం ఆట ఆడి తప్పులు పట్టే పైడిరాజు, యానాం బస్సనుకుని తుని బస్సెక్కేశాడట. ఆఫీసంతా పడీ పడీ నవ్వారట. చెబుతూ తనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ మర్నాడు హంసిని ఆట కోసం ఫోను అడిగితే, ఏనాడూ కసరని మనిషి గట్టిగా అరిచాడు. "ఆ ఆట ముట్టుకున్నావంటే ఊరుకోను!" పిల్ల ఏడ్చింది. తండ్రి చేసిన ఆట ఊళ్ళో పిల్లలందరికీ ఉంటుంది, తనకి ఉండదు.

* * *

ఆటల కంపెనీ గుమ్మానికి బంతిపూల దండలు కడుతున్నారు. పైడిరాజు కుర్చీ ఖాళీగా ఉంది. ముక్తేశ్వర్ ముందున్న తెర మీద కోట మెరుస్తోంది. కుముదిని మాట్లాడకుండా ఫోనుతో ఆ తెరను ఫోటో తీసి, అతని ముందు పెట్టింది.

"చదవండి."

అతను చూశాడు. చదవలేదు.

"పైడిరాజు తుని వెళ్ళిన రోజే తెలిసిందా?"

"అది తాత్కాలికం అనుకున్నాను కుముదా." గొంతు తగ్గించాడు. "ఆదివారం గడవనీ. తర్వాత సరిచేస్తాను. ఇప్పుడు వణుకు తీసేస్తే అక్షరం ముద్దయిపోతుంది. ఆటే ఉండదు. ఇంతమంది దీని మీద ఆశ పెట్టుకుని..."

"నా ప్రాంప్టర్లోంచి ఎందుకు తీయలేదు?"

ముక్తేశ్వర్ తెర మీది కోటను ఆర్పేశాడు.

"హంసకి ఎందుకు ఇవ్వలేదు?"

ముక్తేశ్వర్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. అప్పుడే పూలు కడుతున్నవాళ్ళు లోపలికి వచ్చారు. "వదినగారొచ్చారు! లడ్డూ పెట్టండర్రా! ఆదివారం అదరగొట్టాలండీ వదినా, మీ గొంతు మీదే ఉంది అంతా!" ఎవరో ఆమె చేతిలో లడ్డూ పెట్టారు. దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

అక్కడే, అందరి ముందూ చెప్పేయొచ్చు. చెప్పాలంటే ముందు ఒక్క మాట అనాలి. నాకు చదవడం రాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. తప్పు చేసినవాడు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తప్పు చేయని తనకెందుకింత సిగ్గు?

"ఆదివారం వస్తాను" అంది భర్తతో, అతనికొక్కడికే వినబడేలా. "నా చేతికి కాగితం ఇస్తారు. చదవలేనప్పుడు ఏం చేయాలో మీరు ఆలోచించుకోండి."

* * *

టౌన్ హాలు పిల్లలతో కిక్కిరిసింది. వేదిక మీద బల్ల, బల్ల మీద ఫోను. మొదట ఆడబోయే పిల్ల రిబ్బన్లతో, కొత్త గౌనుతో దాని పక్కనే తహతహలాడుతూ నిలబడింది. ముందు వరసలో ముక్తేశ్వర్, అతని పక్కన హంసిని. ఎర్ర లైటు వెలిగింది. అద్దం మీద చుక్కల అక్షరాలు ముత్యాల్లా వరస కట్టాయి. చదివేస్తే చాలు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ నిమిషంలో కుముదినికి నిజంగానే చదివేయాలనిపించింది.

"ప్రాంప్టర్ కట్టెయ్ వీర్రాజూ."

"లైవులో ఉన్నామక్కా!"

"కట్టెయ్యమన్నానా!"

అద్దం నల్లబడింది. కుముదిని చేతిలోని కాగితం పైకెత్తి చూపించింది.

"ఇందులో ఏముందో నాకు తెలియదు. నాకు తెలుగు చదవడం రాదు."

హాలంతా ఘొల్లున నవ్వింది. చమత్కారమనుకున్నారు. వెనక ఎవరో ఈల కూడా వేశారు. ఆమె రిబ్బన్ల పిల్లను దగ్గరకు పిలిచి కాగితం ఇచ్చింది. "నువ్వు చదువు తల్లీ."

పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "అక్షరాల... కోటకి... మీ అందరికీ... స్వాగతం."

"చూశారా, ఈ పిల్లకి వచ్చు" అంది కుముదిని. "నాకూ వచ్చేది. దసరా దాకా వచ్చేది. ఇప్పుడు నా కూతురి పేరు రాయగలను, చదవలేను." తల వంచుకుంది. ఊరంతా చూస్తుండగా ఏడవకూడదనుకుంది, కానీ కళ్ళు మాట వినలేదు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ముందు వరసలో హంసిని తండ్రి చేతిలోంచి తన చేయి తీసేసుకుంది. ముక్తేశ్వర్ ఆ ఖాళీ చేతిని ఒకసారి చూసుకుని లేచాడు. మెట్లెక్కి వచ్చి మైకు అందుకున్నాడు. ఎదురుగా నల్లటి అద్దం. అందులో చదవడానికి అతనికీ ఏమీ లేదు.

"నా పేరు ముక్తేశ్వర్. ఈ అక్షరాలు చేసింది నేను. ఈవిడ నా భార్య. ఈవిడకి చదవడం రాదన్నది నిజం కాదండీ. రాకుండా చేసింది నేను. ఒక్క మాట అడక్కుండా ఈవిడ కళ్ళ మీద ప్రయోగం చేశాను. బాగా చదువుతోందని మీరంతా మెచ్చుకుంటుంటే, నా అక్షరాల్ని నేను మెచ్చుకున్నాను. తర్వాత మా పైడిరాజు బస్సు బోర్డు చదవలేకపోయాడు. అది విని అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నాకు అర్థమైపోయింది. కళ్ళజోడు మార్చుకోమని చెప్పి అతన్ని ఇంటికి పంపేశాను. ప్రాంప్టర్లోంచి నా అక్షరాలు తీసేద్దామని స్టూడియోకి వెళ్ళాను. తీస్తే ఈవిడ కాగితం చూస్తుంది. చూస్తే నా సంగతి బయటపడుతుంది. అందుకని తీయకుండా తిరిగొచ్చాను. ఆ రోజు నుంచి రోజూ టీవీ ముందు కూర్చుని, ఆ అద్దం ఆరిపోకూడదని దణ్ణం పెట్టుకున్నాను. ఈవిడ పరువు కోసం కాదండీ. నా కోసం. ఈవిడకి చదువు తిరిగొస్తుందో రాదో నాకు తెలియదు. పైడిరాజుకి ఇంకా రాలేదు. ఆ ఫోను అక్కడే వదిలేసి మీ పిల్లల్ని ఇళ్ళకి తీసుకెళ్ళిపోండి. ఈ ఆట వాళ్ళకి ఇవ్వకండి. నా కూతురు ఎంత ఏడ్చినా నేను ఇవ్వలేదు."